హిల్మా అఫ్ క్లింట్: భవిష్యత్తు కోసం చిత్రాలు (ప్రదర్శన)

"హిల్మా అఫ్ క్లింట్: భవిష్యత్తు కోసం చిత్రాలు" అనేది స్వీడన్ దేశపు చిత్రకారిణి హిల్మా అఫ్ క్లింట్ (1862 - 1944) చిత్రాలతో అమెరికాలోని న్యూయార్క్ నగరంలో జరిగిన ఏకవ్యక్తి చిత్రకళా ప్రదర్శన. ఇది సాలమన్ ఆర్. గుగ్గెన్‌హైమ్ మ్యూజియంలో 2018 అక్టోబరు 12 నుండి 2019 ఏప్రిల్ 23 వరకు కొనసాగింది. ట్రేసీ బాష్‌కాఫ్ దీనికి నిర్వాహకురాలు. అమెరికాలో ఈ చిత్రకారిణికి లభించిన మొదటి పెద్ద ఏకవ్యక్తి ప్రదర్శన ఇదే. ఆరు లక్షలకు పైగా సందర్శకులు దీనిని చూశారు. అప్పటివరకు ఆ మ్యూజియం చరిత్రలో ఏ ప్రదర్శనకూ అంతమంది రాలేదు.

ప్రకృతి పరిశీలన, ఆధ్యాత్మిక సాధన అనే రెండు మూలాల నుండి పుట్టిన నైరూప్య చిత్రకళకు ఈ ప్రదర్శన ఒక ప్రసిద్ధ ఉదాహరణ. ఇందులోని ముఖ్యమైన చిత్రాలు 1906 - 1915 మధ్య వేసినవి. నైరూప్య చిత్రకళకు ఆద్యుడు వాసిలీ కాండిన్‌స్కీ అనీ, అది 1911 ప్రాంతంలో మొదలయిందనీ పాఠ్యగ్రంథాలు చాలాకాలం చెబుతూ వచ్చాయి. ఆ మాటను మళ్ళీ పరిశీలించవలసిన అవసరాన్ని ఈ ప్రదర్శన సామాన్య సందర్శకుల ముందు ఉంచింది.

నైరూప్య చిత్రం అంటే

చెట్టును చెట్టులాగా, మనిషిని మనిషిలాగా చూపేది రూపచిత్రణ. అలా బయటి వస్తువును పోల్చి చూపకుండా రేఖ, రంగు, ఆకృతి, వాటి పరస్పర సంబంధం ద్వారానే భావాన్ని తెలియజేసేది నైరూప్య చిత్రం. "నైరూప్యం" అన్నంత మాత్రాన ఆ చిత్రంలో ఆకృతి ఏదీ ఉండదని అర్థం కాదు. వృత్తం, త్రిభుజం, వలయం, చుక్క వంటి ఆకృతులు అందులో ఉండవచ్చు. అవి ఫలానా వస్తువుకు నకలు కావు, అంతే. మన ఇళ్ళ ముందు వేసే చుక్కల ముగ్గునూ, దేవీపూజలో వాడే శ్రీచక్రాన్నీ గుర్తు చేసుకుంటే ఈ తేడా సులభంగా బోధపడుతుంది. శ్రీచక్రంలో దేవి రూపం లేదు. ఉన్నవి బిందువు, త్రికోణాలు, దళాలు, వృత్తాలు వంటి ఆకృతులే. అయినా ఉపాసకునికి అది అర్థవంతమే.

ఐరోపా చిత్రకళలో మాత్రం పునరుజ్జీవన కాలం నుండి 19వ శతాబ్దం చివరి వరకు రూపచిత్రణే ప్రధానం. అందుచేత రూపాన్ని విడిచిపెట్టిన మొదటి తరం చిత్రకారులకు అక్కడి కళాచరిత్రలో ప్రత్యేక స్థానం ఉన్నది.

చిత్రకారిణి జీవితం

హిల్మా అఫ్ క్లింట్ 1862 అక్టోబరు 26న స్టాక్‌హోమ్ సమీపంలోని కార్ల్‌బెర్గ్ ప్రాసాదంలో జన్మించింది. ఆ ప్రాసాదం అప్పట్లో సైనిక శిక్షణాలయం. తండ్రి విక్టర్ అఫ్ క్లింట్ నౌకాదళ అధికారి. వీరి వంశంలో సముద్ర పటాలు తయారు చేసినవారు ఉన్నారు. వేసవి కాలాన్ని ఈ కుటుంబం మేలారెన్ సరస్సులోని ఆడెల్సో దీవిలో గడిపేది. అక్కడి పొలాలు, మొక్కలు, నీరు ఆమెకు చిన్ననాటి నుండి పరిచయం.

స్వీడన్ రాజ లలితకళా అకాడమీ 1864 నుండి స్త్రీలను విద్యార్థులుగా చేర్చుకుంటున్నది. హిల్మా అక్కడ 1882 నుండి 1887 వరకు చదివి, ప్రతిభతో ఉత్తీర్ణురాలయింది. నగరం నడిబొడ్డున అకాడమీకి చెందిన భవనంలో ఆమెకు చిత్రశాలగా ఒక గది లభించింది. ప్రకృతి దృశ్యాలు, వ్యక్తుల చిత్రాలు, మొక్కల చిత్రాలు వేసి ఆమె జీవనం సాగించింది. 1900 ప్రాంతంలో పశువైద్య సంస్థలో చిత్రలేఖకురాలిగా కొంతకాలం పనిచేసింది. రూపాన్ని ఉన్నది ఉన్నట్లుగా చిత్రించడంలో ఆమెకు పూర్తి నైపుణ్యం ఉన్నదని ఈ వివరాలు చెబుతాయి. రూపచిత్రణ చేతకాక ఆమె నైరూప్యానికి మళ్ళలేదు.

ఆధ్యాత్మిక నేపథ్యం

1880లో చెల్లెలు హెర్మినా పదేళ్ళ వయసులో మరణించింది. దీనికి కొంచెం ముందు నుండే హిల్మాకు ఆత్మలతో సంభాషణ వంటి విషయాలలో ఆసక్తి ఉన్నది. ఈ మరణం దానిని మరింత పెంచింది. ఆ కాలంలో ఐరోపాలోని విద్యావంతులలో ఇటువంటి ఆసక్తి అరుదు కాదు. ఎక్స్ కిరణాలు 1895లో బయటపడ్డాయి. కంటికి కనిపించనిది కూడా నిజంగా ఉండవచ్చునని విజ్ఞానశాస్త్రమే చెబుతున్న రోజులవి.

1896లో ఆమె మరి నలుగురు స్త్రీలతో కలిసి "ఐదుగురు" అనే చిన్న బృందాన్ని ఏర్పరచింది. అన్నా కాసెల్, కార్నీలియా సెడర్‌బెర్గ్, సిగ్రిడ్ హెడ్‌మన్, మథిల్దా నీల్సన్ తక్కిన సభ్యులు. వీరు క్రమం తప్పక కలుసుకొని ప్రార్థన, ధ్యానం చేసేవారు. ఉన్నత లోకాల గురువులు తమతో సంభాషిస్తున్నారని నమ్మి, ఆ సందేశాలను మాటలలోనూ గీతలలోనూ నమోదు చేసేవారు. వారు పేర్కొన్న గురువులలో ఒకరి పేరు "ఆనంద".

ఈ పేరు వెనుక దివ్యజ్ఞాన సమాజ ప్రభావం కనిపిస్తుంది. 1875లో న్యూయార్కులో స్థాపించబడిన ఈ సమాజం, తరువాత మద్రాసులోని అడయారును ప్రధాన కేంద్రంగా చేసుకొని హిందూ, బౌద్ధ భావాలను పాశ్చాత్య దేశాలకు చేరవేసింది. ఆ సమాజపు జర్మన్ శాఖకు నాయకుడైన రుడాల్ఫ్ స్టైనర్ భావాలు హిల్మాను బాగా ఆకర్షించాయి. మదనపల్లెలో జన్మించిన జిడ్డు కృష్ణమూర్తిని జగద్గురువుగా ప్రకటించే ప్రయత్నాన్ని స్టైనర్ అంగీకరించలేదు. ఆ సమాజం నుండి ఆయన విడిపోవడానికి ఇది ఒక ముఖ్య కారణం. ఆయన తరువాత మానవజ్ఞాన సమాజాన్ని స్థాపించాడు. హిల్మా 1920లో అందులో సభ్యురాలయింది. దాని కేంద్రమైన స్విట్జర్లాండులోని డోర్నాఖ్‌కు ఆమె పలుమార్లు వెళ్ళింది.

దేవాలయం కోసం చిత్రాలు

ప్రదర్శనలో ప్రధాన భాగం "దేవాలయం కోసం చిత్రాలు" అనే చిత్రమాలిక. ఒక దేవాలయంలో ఉంచడానికి చిత్రాలు వేయవలసిందిగా గురువుల నుండి తనకు ఆదేశం వచ్చిందని ఆమె నమ్మింది. 1906లో మొదలుపెట్టి 1915 వరకు 193 చిత్రాలను పూర్తిచేసింది. ఇందులో 111 చిత్రాలు 1908 నాటికే పూర్తయ్యాయి. తరువాత చూపు కోల్పోయిన తల్లి సంరక్షణ ఆమె మీద పడటంతో సుమారు నాలుగు సంవత్సరాలు ఈ పని ఆగిపోయింది. 1912లో తిరిగి మొదలయింది.

ఆదిమ సంక్షోభం: మొదటి చిత్రాల వరుస ఇది. 1906 - 1907లో వేసిన 26 చిన్న చిత్రాలు ఇందులో ఉన్నాయి. సృష్టి ఆరంభాన్ని నీలం, పసుపు, ఆకుపచ్చ రంగులలో, నత్తగుల్లను పోలిన వలయాలతో చూపించింది.

పది మహాచిత్రాలు: 1907లో వేసిన ఈ పది చిత్రాలు ఒక్కొక్కటి సుమారు 3.2 మీటర్ల ఎత్తు, 2.4 మీటర్ల వెడల్పు కలవి. కాగితంపై టెంపెరా రంగులతో వేసి, తరువాత గుడ్డపై అతికించినవి. మనిషి కంటే దాదాపు రెండింతలు ఎత్తున్న ఈ కాగితాలను నేలపై పరచి చిత్రించి ఉంటారని పరిశోధకుల అభిప్రాయం. ఇవి మానవ జీవిత దశలను తెలుపుతాయి. బాల్యానికి రెండు, యౌవనానికి రెండు, ప్రౌఢ వయసుకు నాలుగు, వార్ధక్యానికి రెండు చిత్రాలు కేటాయించబడ్డాయి. బాల్యానికి నీలం, యౌవనానికి నారింజ, ప్రౌఢ దశకు ప్రధానంగా లేత ఊదా రంగులు నేపథ్యాలు. మనిషి బొమ్మ ఎక్కడా లేదు. రేకులు, తీగలు, విత్తనాలు, వలయాలు, అక్షరాలు మాత్రమే ఉన్నాయి. మొగ్గ తొడిగి, విచ్చుకొని, విత్తనంగా మారే మొక్క జీవితంతో మనిషి జీవితాన్ని పోల్చి చూపినట్లు ఉంటుంది.

హంస: 1914 - 1915 నాటి ఈ వరుసలో 24 చిత్రాలు ఉన్నాయి. మొదటి చిత్రంలో పైన తెల్లని హంస, కింద నల్లని హంస ముక్కులు తాకించి ఉంటాయి. వరుస ముందుకు సాగినకొద్దీ పక్షుల రూపాలు విడిపోయి, ఘనాలుగా, వృత్తాలుగా మారతాయి. చివరి చిత్రంలో రెండు హంసలు మళ్ళీ కనిపిస్తాయి, ఈసారి పెనవేసుకొని. రూపం నుండి నైరూప్యానికి, అక్కడి నుండి తిరిగి రూపానికి జరిగే ఈ ప్రయాణాన్ని వరుసగా చూసినవారికి, ఆమె పద్ధతి వేరే వివరణ లేకుండానే అర్థమవుతుంది.

బలిపీఠ చిత్రాలు: 1915లో వేసిన మూడు పెద్ద చిత్రాలు. ఒకదానిలో రంగురంగుల త్రిభుజం సూర్యబింబం వైపు ఎక్కుతుంది. మరొకదానిలో త్రిభుజం తలకిందులుగా ఉంటుంది. మూడవదానిలో పెద్ద బంగారు వృత్తం ఉంటుంది. పదార్థం ఆత్మ వైపు ఎదగడం, ఆత్మ పదార్థంలోకి దిగిరావడం వీటి భావం.

గుర్తులు, రంగులు

తన చిత్రాలలోని గుర్తులకు, అక్షరాలకు అర్థాలు చెబుతూ హిల్మా ఒక నిఘంటువు వంటి పుస్తకం రాసుకుంది. దాని ప్రకారం నీలం స్త్రీతత్త్వం, పసుపు పురుషతత్త్వం, ఆకుపచ్చ ఆ రెండింటి కలయిక. "యు" అక్షరం ఆత్మకు, "డబ్ల్యు" అక్షరం పదార్థానికి గుర్తులు. వలయం పరిణామానికి సంకేతం. రెండు వృత్తాలు ఒకదానిపై ఒకటి వచ్చినప్పుడు మధ్యలో ఏర్పడే బాదంపప్పు వంటి ఆకారం ఐక్యతను సూచిస్తుంది. ప్రకృతి పురుషుల కలయికనూ, అర్ధనారీశ్వర భావననూ ఎరిగిన మన పాఠకులకు ఈ ద్వంద్వాల ఐక్యత కొత్తగా తోచదు.

ప్రకృతితో సంబంధం

నైరూప్యమంటే ప్రకృతికి దూరం కావడమనే అభిప్రాయం ఒకటి ఉన్నది. హిల్మా విషయంలో అది సరిపోదు. దేవాలయ చిత్రాల తరువాత కూడా ఆమె మొక్కలను శ్రద్ధగా చిత్రించింది. 1919 - 1920లో తయారు చేసిన ఒక సంపుటంలో స్వీడన్ పూలమొక్కలను నీటిరంగులతో శాస్త్రీయంగా వేసి, ప్రతి మొక్క పక్కన చిన్న రేఖాచిత్రం గీసింది. ఆ మొక్క సూచించే అంతరంగ గుణాన్ని ఆ రేఖాచిత్రం తెలుపుతుంది. అంటే ఒకే కాగితం మీద ఒక వైపు కంటికి కనిపించే మొక్క, మరొక వైపు ఆమె మనసుకు తోచిన మొక్క. ఆమె నైరూప్యం ఎక్కడినుండి వచ్చిందో తెలుసుకోవడానికి ఇంతకన్నా స్పష్టమైన ఆధారం లేదు.

మరుగున ఉన్న కాలం

హిల్మా తన నైరూప్య చిత్రాలను దాదాపుగా ఎవరికీ చూపలేదు. 1928లో లండనులో జరిగిన ఒక ఆధ్యాత్మిక విజ్ఞాన సమావేశంలో కొన్నింటిని ప్రదర్శించినట్లు తరువాతి పరిశోధనలో తెలిసింది. ఆసక్తి గలవారికి చూపడానికి దేవాలయ చిత్రాలన్నింటి ఛాయాచిత్రాలను, చిన్న నీటిరంగు నకళ్ళను పది పుస్తకాలలో అతికించుకొని ఉంచుకుంది.

1944 అక్టోబరు 21న, ట్రామ్ ప్రమాదంలో తగిలిన గాయాల వలన ఆమె మరణించింది. అదే సంవత్సరం ఫిబ్రవరిలో పీట్ మోండ్రియాన్, డిసెంబరులో కాండిన్‌స్కీ కూడా మరణించారు. వారిద్దరి పేర్లు అప్పటికే ప్రపంచ ప్రసిద్ధం. ఈమె పేరు స్వదేశంలోని కళాకారులకే సరిగా తెలియదు.

తన సృష్టిని ఆమె అన్నకొడుకు ఎరిక్ అఫ్ క్లింట్‌కు అప్పగించింది. 1,200కు పైగా చిత్రాలు, 26,000 పుటల వరకు చేతిరాత ఆ వారసత్వంలో ఉన్నాయి. తాను మరణించిన తరువాత ఇరవై సంవత్సరాల వరకు వాటిని లోకానికి చూపరాదని ఆమె కోరిక. తన కాలం వాటిని అర్థం చేసుకోలేదని ఆమె భావించింది. గడువు తీరిన తరువాత కూడా ఆదరణ వెంటనే రాలేదు. 1970లో స్టాక్‌హోమ్‌లోని ఆధునిక కళా మ్యూజియంకు ఈ చిత్రాలను ఉచితంగా ఇవ్వజూపగా, ఆ సంస్థ స్వీకరించలేదు. 1972లో ఆమె పేర ఒక ధర్మనిధి ఏర్పడి చిత్రాల సంరక్షణ బాధ్యతను తీసుకున్నది.

1986లో లాస్ ఏంజెలెస్ కౌంటీ కళా మ్యూజియంలో, నైరూప్య చిత్రకళలో ఆధ్యాత్మికత అనే విషయంపై జరిగిన సామూహిక ప్రదర్శనలో ఆమె చిత్రాలు తొలిసారి అంతర్జాతీయ దృష్టికి వచ్చాయి. 1989లో న్యూయార్కులోని పి.ఎస్.1 కేంద్రంలో ఒక ప్రదర్శన జరిగింది. 2013లో, ఒకప్పుడు నిరాకరించిన స్టాక్‌హోమ్ మ్యూజియమే ఆమె చిత్రాలతో పెద్ద ప్రదర్శన ఏర్పాటు చేసింది. అది తరువాత బెర్లిన్, మాలగా నగరాలకు వెళ్ళింది.

గుగ్గెన్‌హైమ్ భవనం

ఈ ప్రదర్శనకు స్థలం కూడా ఒక విశేషం. గుగ్గెన్‌హైమ్ మ్యూజియం 1939లో "నిర్వస్తుక చిత్రకళా మ్యూజియం" అనే పేరుతో ప్రారంభమయింది. కాండిన్‌స్కీ చిత్రాల పెద్ద సేకరణ దీని సొంతం. దీని తొలి అధిపతి హిల్లా రెబే 1943లో వాస్తుశిల్పి ఫ్రాంక్ లాయిడ్ రైట్‌ను కొత్త భవనం కోసం సంప్రదిస్తూ, ఆత్మకు ఒక ఆలయం వంటి కట్టడం కావాలని కోరింది. రైట్ రూపొందించిన భవనంలో నేల నుండి పైకప్పు వరకు మెలితిరుగుతూ ఎక్కే ఒకే ఏటవాలు దారి ఉంటుంది. ఇది 1959 అక్టోబరు 21న ప్రారంభమయింది.

హిల్మా కూడా తన చిత్రాల కోసం ఊహించిన దేవాలయాన్ని 1930 - 1931 నాటి నోటు పుస్తకాలలో వర్ణించింది. గుండ్రని అంతస్తులు, వాటిని కలిపే మెలికల దారి అందులోని అంశాలు. ఆ దేవాలయం ఎన్నడూ నిర్మాణం కాలేదు. ఆమెకు రైట్ భవనం తెలియదు, రైట్‌కు ఆమె ఊహ తెలియదు. అయినా ఆమె చిత్రాలు చివరకు వలయాకారపు భవనంలోనే సందర్శకులను కలిశాయి. దీనిని యాదృచ్ఛికమని కొందరు, అంతకు మించినదని మరికొందరు భావించారు. చరిత్రకు తెలిసినంతవరకు ఇది యాదృచ్ఛికమే.

సందర్శకులు వలయ మార్గం మొదట్లోనే ఉన్న ఎత్తైన గదిలో పది మహాచిత్రాలను చూసి, తరువాత పై అంతస్తులకు సాగేవారు. ప్రదర్శనకు వెలువడిన గ్రంథం కూడా ఆ మ్యూజియం అమ్మకాలలో కొత్త రికార్డు నెలకొల్పింది. అంతకుముందు ఆ రికార్డు కాండిన్‌స్కీ ప్రదర్శన గ్రంథానిది.

"మొదటివారు ఎవరు" అనే చర్చ

1911లో తాను వేసిన ఒక చిత్రం ప్రపంచంలోనే మొదటి నైరూప్య చిత్రమని కాండిన్‌స్కీ 1935లో రాసిన ఒక లేఖలో పేర్కొన్నాడు. హిల్మా చిత్రాలు అంతకంటే సుమారు ఐదేళ్ళు ముందువి. 2012 - 2013లో న్యూయార్క్ ఆధునిక కళా మ్యూజియం నైరూప్య కళ ఆవిర్భావంపై జరిపిన ప్రదర్శనలో మాత్రం ఆమెకు చోటు లభించలేదు. దీనిపై విమర్శలు వచ్చాయి.

ఆమెను మొదటి వ్యక్తిగా అంగీకరించని వారి వాదనలు ప్రధానంగా మూడు. ఆమె చిత్రాలు ఆధ్యాత్మిక భావాలకు గీసిన పటాలే కాని కళాకృతులు కావన్నది మొదటిది. తోటి కళాకారులు వాటిని చూడలేదు కనుక కళాచరిత్రపై వాటి ప్రభావం లేదన్నది రెండవది. ఆమె కంటే ముందువారు కూడా ఉన్నారన్నది మూడవది. లండనులో జార్జియానా హౌటన్ తన ఆత్మప్రేరిత చిత్రాలను 1871లోనే ప్రదర్శించింది.

మొదటి వాదన నిలవదని చాలామంది పండితుల అభిప్రాయం. కాండిన్‌స్కీ స్వయంగా కళలోని ఆధ్యాత్మికతపై గ్రంథం రాశాడు. మోండ్రియాన్ 1909లో దివ్యజ్ఞాన సమాజంలో చేరాడు. వారి విషయంలో లోతుగా ఎంచిన ఆధ్యాత్మికతను ఈమె విషయంలో లోపంగా ఎంచడం న్యాయం కాదు. రెండవ వాదనలో నిజం ఉన్నది. కాని ప్రభావం లేకపోవడం, విలువ లేకపోవడం ఒకటి కావు. మూడవ వాదన అసలు ప్రశ్ననే మారుస్తుంది. యంత్రాలు, మండలాలు, జ్యామితీయ అలంకరణలు ఎంతోకాలంగా ఉన్న దేశాలనుండి చూస్తే, నైరూప్యాన్ని ఒక వ్యక్తి ఒక సంవత్సరంలో కనిపెట్టాడనే మాటే సందేహాస్పదం.

ఇటీవలి పరిశోధనలు మరొక అంశాన్ని ముందుకు తెచ్చాయి. అన్నా కాసెల్ వంటి మిత్రురాళ్ళు ఈ చిత్రాల రచనలో పాలుపంచుకున్నారని పలువురు పరిశోధకులు భావిస్తున్నారు. ఒక మరుగునపడిన పేరును వెలికి తీసినప్పుడు, దాని వెనుక మరికొన్ని పేర్లు మరుగున పడకుండా చూడవలసి ఉన్నది.

తరువాతి పరిణామాలు

ఆమె జీవితంపై హలీనా డిర్ష్కా తీసిన డాక్యుమెంటరీ 2019లోను, లాసే హాల్‌స్ట్రోమ్ దర్శకత్వం వహించిన చలనచిత్రం 2022లోను వచ్చాయి. 2023లో లండనులోని టేట్ మోడర్న్ ఆమె చిత్రాలను మోండ్రియాన్ చిత్రాలతో కలిపి ప్రదర్శించింది. ఇద్దరూ ప్రకృతి దృశ్యాలతో మొదలై నైరూప్యానికి చేరినవారని ఆ ప్రదర్శన గుర్తుచేసింది. 2025లో టోక్యోలోని జాతీయ ఆధునిక కళా మ్యూజియంలో ఆమె చిత్రాల ప్రదర్శన జరిగింది. న్యూయార్క్ ఆధునిక కళా మ్యూజియం ఆమె పూలమొక్కల సంపుటాన్ని 2022లో సేకరించి, 2025లో దాని ఆధారంగా ప్రత్యేక ప్రదర్శన నిర్వహించింది. 2012లో ఆమెకు చోటివ్వని సంస్థ ఇదే.

ప్రాముఖ్యత

కళాచరిత్ర అనేది వేయబడిన చిత్రాలన్నింటి చరిత్ర కాదు, చూడబడిన చిత్రాల చరిత్ర. స్వీకరించని మ్యూజియం, చేర్చని ప్రదర్శన, రాయని పాఠ్యగ్రంథం ఒక కళాకారిణిని దశాబ్దాల పాటు లేనట్లుగా చేయగలవు. ఆమె ఇరవై సంవత్సరాల గడువు పెట్టింది. కాని ఆమె మరణించిన డెబ్బై నాలుగు సంవత్సరాలకు గాని గుగ్గెన్‌హైమ్ ప్రదర్శన జరగలేదు. ఆ లోపు ఆ చిత్రాలు కాపాడబడటానికి కారణం వాటి విలువను పండితులు గుర్తించడం కాదు. వాటిని పారవేయకుండా దాచి ఉంచిన ఒక కుటుంబం.